అగ్గిపెట్టెల రాజు ఇవార్ క్రూగరు

అగ్గిపెట్టె వంటి అల్పవస్తువు మన యిండ్లలో మరియొకటి లేదు. వంటయింటి గూటిలోను, దేవతార్చన పీటయొద్దను, చుట్ట కాల్చు పెద్దల మొలచెరగునను అది యుండును. దాని లాభ మెవరికి బోవునో విచారించినవారు మాత్రము మిక్కిలి అరుదు. ఆ యల్పవస్తువును చేతబట్టుకొని పండ్రెండింటికి మించిన ప్రభుత్వములకు అప్పులిచ్చి, రాజులచేతను మంత్రులచేతను సింహాసనము ప్రక్కన ఆసన మందిన మహాధనికు డొకడు స్వీడను దేశమున నుండెను. అతని పేరు ఇవార్ క్రూగరు. అతడు గతించి తొంబది యేండ్లు దాటినది. అయినను కంపెనీ వాటాలు కొనుట అలవాటైన మన భూస్వాములును పట్టణవాసులును అతని చరిత్ర మెరిగియుండుట అవసరము. మనవారు సంవత్సరాంతమున వచ్చు లెక్కల పుస్తకమును తిరుగవేసి, లాభాంశ మెంతయో చూచి, చివర ఆడిటరు సంతకమున్నదని తృప్తిపడి దానిని అటకమీద పెట్టుదురు. క్రూగరు కంపెనీల లెక్కలక్రిందను సంతకము లుండెను. ఆ సంతకము లెట్లు వచ్చినవో తెలిసికొనదగినది.

క్రూగరు 1880 మార్చి 2వ తేదీన బాల్టికు సముద్రతీరమందలి కాల్మరు పట్టణమున జన్మించెను. తండ్రికి అగ్గిపుల్లల ఫ్యాక్టరీ వ్యాపారము గలదు. కుమారుడు స్టాకుహోములో ఇంజనీరింగు చదివి, యిరువది యేండ్ల ప్రాయముననే పట్టము పొంది, అమెరికాకు బోయెను. మెక్సికోలోను దక్షిణాఫ్రికాలోను గూడ కొంతకాలము గడపెను. ఇనుపకమ్ములు వేసి కాంక్రీటుతో కట్టడములు లేపు విద్య అప్పటికి క్రొత్తది. దానిని నేర్చుకొని 1907లో స్వదేశమునకు వచ్చి, మరుసటియేట పాల్ టోల్ అను ఇంజనీరుతో గలిసి క్రూగరు అండ్ టోల్ అను కంపెనీని స్థాపించెను. పనిలో నేర్పును మాటలో నిలుకడయు గలవాడని పేరు వచ్చెను. అతడు మితభాషి, అవివాహితుడు, అంకెలను జ్ఞాపకముంచుకొనుటలో అసమానుడు. కాగితము చూడకయే కోట్ల లెక్కలు ఏకరువు పెట్టువానిని, కాగిత మేదియని యడుగుటకు ఎదుటివారికి సిగ్గు తోచుట సహజము.

1913 మొదలు అతడు తండ్రినాటి వ్యాపారమువైపు మరలి, చిల్లర ఫ్యాక్టరీలను ఒక్కటొక్కటిగా కలుపుకొనుచు వచ్చి, 1917 నాటికి స్వీడనుదేశపు అగ్గిపుల్లల పరిశ్రమ నంతయు స్వీడిషు మ్యాచి కంపెనీ యను నొక్క గొడుగు క్రిందికి దెచ్చెను. ఇంతవరకు అతని చరిత్ర ఉద్యమశీలుడైన వర్తకుని చరిత్రయే. ఇచ్చట నతడు మరణించియుండినచో లోకమునకు అతని పేరు తెలియకపోయెడిది.

1918లో మహాయుద్ధము ముగిసెను. పాత సామ్రాజ్యములు కూలి, క్రొత్త రాజ్యములు మొలచెను. వానికి జెండాలు గలవు, సైన్యములు గలవు, బొక్కసమున ధనము మాత్రము లేదు. నాణెముల విలువ నానాటికి దిగజారుచుండెను. లండను, పారిసు బ్యాంకర్లు తలుపులు మూసికొనిరి. అమెరికాలోనో, మదుపుదారుల చేత ధనము పొంగిపొరలుచుండెను. ఈ రెంటికిని నడుమ క్రూగరు వంతెన వేసెను. అమెరికా ప్రజలకు వాటాలును డిబెంచర్లును అమ్మి డాలర్లు తెచ్చుట, వానిని ఐరోపా ప్రభుత్వములకు అప్పిచ్చుట, ప్రతిఫలముగా ఆ దేశమున అగ్గిపెట్టె లమ్ముటకు గుత్తహక్కు పొందుట, ఇదియే అతని పద్ధతి. మన దేశమున ఇంగ్లీషు దొరతనమువారు ఉప్పుమీద పన్ను వేసినప్పుడు వారికి గల యూహ యేదియో ఆ మంత్రులకును అదియే. ధనికుడును దరిద్రుడును దినదినము కొనక తప్పని వస్తువుపై పన్ను రాబట్టుట సులభము. పోలెండు, గ్రీసు, హంగరీ, యుగోస్లావియా, లాత్వియా, రుమేనియా, టర్కీ మొదలగు దేశములు వరుసగా ఒడంబడికలు చేసికొనెను. 1927లో ఫ్రాన్సునకు 7 కోట్ల 50 లక్షల డాలర్లు ముట్టెను. ఆ దేశపు శాసనసభ గుత్తను పరదేశికి ఇయ్య నిరాకరింపగా, యంత్రములును సరకును సరఫరా చేయుహక్కుతో అతడు సరిపెట్టుకొనెను. మొత్తముమీద అతడు ప్రభుత్వముల కిచ్చిన అప్పులు దాదాపు 40 కోట్ల డాలర్లు. లోకమున మండు అగ్గిపుల్లలలో సగమునకు పైగా అతని ఫ్యాక్టరీలనుండియో అతని పలుకుబడి క్రింది ఫ్యాక్టరీలనుండియో వచ్చుచుండెను.

హిందూదేశ మిందులకు వెలి గాదు. 1922లో ఇచ్చటి ప్రభుత్వము పరదేశపు అగ్గిపెట్టెలపై దిగుమతి సుంకమును పెంపగా, స్వీడిషువారు 1923లో సుంకపు గోడ లోపలికే దిగి వెస్టరన్ ఇండియా మ్యాచి కంపెనీని స్థాపించిరి. విమ్కో యని మన తాతలకాలమునుండి ఇంటింట వినబడిన పేరు ఇదియే. మద్రాసుచెంత తిరువొత్తియూరులోను వారి ఫ్యాక్టరీ నెలకొనెను. వారి పోటీకి స్వదేశపు చిన్న ఫ్యాక్టరీలు నిలువజాలవని మొర పుట్టి, టారిఫ్ బోర్డువారు విచారణ జరిపి 1928లో నివేదిక యిచ్చిరి. శివకాశివారు చేతిపనితో నిలద్రొక్కుకొని బ్రదికిరి. అది వేరు కథ.

ఇక ముఖ్యవిషయమునకు వత్తము. 1923లో క్రూగరు న్యూయార్కున ఇంటర్నేషనల్ మ్యాచి కార్పొరేషన్ అను కంపెనీని నెలకొల్పెను. బోస్టను నగరపు ప్రఖ్యాత బ్యాంకర్లు లీ హిగిన్‌సన్ వారు దాని వాటాలను ప్రజలకు విక్రయించిరి. ఎర్నస్టు అండ్ ఎర్నస్టు అను పేరుపొందిన సంస్థవారు దానికి ఆడిటర్లు. వారు న్యూయార్కు పుస్తకములను పరీక్షించిరి. అందు తప్పు లేదు. కాని ఆ కంపెనీకి న్యూయార్కున నున్నది పేరు, కాగితములు, వచ్చిన ధనము మాత్రమే. ఆ ధనము చేరిన చోటు ఐరోపా. లీచెన్‌స్టయిను వంటి గ్రామప్రాయపు రాజ్యములలోను, హాలెండులోను, స్విట్జర్లండులోను అతడు స్థాపించిన పిల్లకంపెనీలకు అమెరికా ఆడిటర్ల చూపు పోలేదు. వాని ఆదాయ మింతయని క్రూగరు వ్రాసి పంపిన యంకెనే వారు పట్టికలో నెక్కించిరి. వానిని తాము స్వయముగా పరీక్షింపలేదని చిన్న యక్షరములతో నొక వాక్యము చేర్చుట వారికి గల రక్ష. ఆ వాక్యమును చదివిన వాటాదారు లెందరు?

పోలెండు వ్యవహార మిందులకు మంచి నిదర్శనము. 1925లో ఆ దేశముతో కుదిరిన ఒడంబడిక నిజమైనదే. అప్పు 60 లక్షల డాలర్లు. కాని దీనివెనుక మరియొక రహస్యపు టొడంబడిక యున్నదని చెప్పి, హాలెండులో గరాంటా యను కంపెనీని పుట్టించి, దానిమీద అమెరికా కంపెనీ సొమ్ము కోటి డాలర్లకు మించి బాకీగా చూపెను. ఈ గరాంటా యేమి, దాని పుస్తకము లెక్కడ నున్నవి, దానిని నడపువా రెవరు అని ఆడిటరు ప్రశ్నింపగా, ఇది రాజ్యవ్యవహారము, బయల్పడినచో పోలెండు మంత్రివర్గమునకు ముప్పు, కంపెనీకి నష్టమని సమాధానము వచ్చెను. ఆడిటరు ఆ మాటతో ఊరకుండెను. 1926 మేలో పోలెండున సైనికబలముతో ప్రభుత్వమే మారిపోయెను. అట్టి దేశమున మంత్రుల గుట్టు రట్టుచేయరాదన్న మాట వినుటకు యుక్తియుక్తముగనే యుండును. మోసము నిలిచినది ఆ యుక్తిమీదనే. సామాన్యవర్తకుడు తన ఖాతాదారుని పేరు చెప్పననినచో ఆడిటరు పుస్తకము మూసి వెడలును. ఖాతాదారు ప్రభుత్వమైనప్పుడు అదే ఆడిటరు చేతులు కట్టుకొని నిలుచును. కిరీటము గుర్తుగల లకోటాను విప్పుమనుట అతనికి అమర్యాదగా తోచును.

పుస్తకము చూపుమని యడిగినవానికి క్రూగరు పెద్దమనుష్యులను చూపెను. అమెరికా అధ్యక్షుడు హూవరు అతనిని శ్వేతసౌధమున ఆదరించెను. ఐరోపా రాజధానులలో ప్రధానమంత్రుల తలుపులు అతనికి తెరచియుండెను. స్టాకుహోములో 1928లో పూర్తియైన అతని కార్యాలయము అగ్గిపెట్టెల సౌధమని పేరొందెను. ఆ కార్యాలయపు బల్లపై ఉత్తుత్తి టెలిఫో నొకటి యుండెడిదనియు, అతిథి యెదుట కూర్చున్నవేళ తానే దానిని మ్రోగించుకొని ఏ రాజుతోనో మంత్రితోనో మాటలాడినట్లు నటించెడివాడనియు చెప్పుకొందురు. కథ యెంత నిజమైనను కాకపోయినను అది ఆ మనుష్యుని కార్యపద్ధతిని చక్కగా పట్టియిచ్చుచున్నది. లాభాంశములు నూటికి ఇరువదియైదు వంతున ఏటేట చేతికందుచుండగా వాటాదారులకును అనుమానింప బుద్ధి పుట్టలేదు. లీ హిగిన్‌సన్ భాగస్వామి యొకడు క్రూగరు అండ్ టోల్‌కు డైరెక్టరుగా నుండియు స్వీడనులో జరిగిన ఒక్క సమావేశమునకైనను హాజరు గాలేదని తరువాత విచారణలో తేలెను.

1929 అక్టోబరు వచ్చెను. న్యూయార్కు షేరుబజారు కుప్పకూలుచున్న ఆ వారముననే, 26వ తేదీన, జర్మనీకి 12 కోట్ల 50 లక్షల డాలర్లు అప్పిచ్చుటకు క్రూగరు ఒప్పుకొని సంతకము చేసెను. ఆ ఒప్పుదలయే అతని మెడకు గుదిబండ యయ్యెను. మాట దప్పినచో రాజ్యముల బ్యాంకరను కీర్తి పోవును. మాట నిలుపుకొనవలెనన్నచో డాలర్లు తెచ్చు మార్గము మూసికొనిపోవుచున్నది. తన కంపెనీలలో నొకదాని సొమ్ము తీసి మరియొకదానికి, దాని సొమ్ము ఇంకొకదానికి మరలించుచు వాయిదాలు చెల్లించెను.

ఈ సమయమున జరిగిన డిబెంచర్ల వ్యవహారమును కొంచెము వివరించెదము. క్రూగరు అండ్ టోల్ 1929లో 5 కోట్ల డాలర్ల డిబెంచర్లు అమెరికాలో విక్రయించి, వానికి తాకట్టుగా పలు ప్రభుత్వముల ఋణపత్రములను బ్యాంకిలో నుంచెను. షరతులలో చిన్న పంక్తి యొకటి గలదు. పై వెలయు వడ్డీయు సరిపోయినంతవరకు ఒక ప్రభుత్వపు పత్రమును తీసికొని వేరొక ప్రభుత్వపు పత్రమును పెట్టవచ్చును. అతడు ఈ వీలును వినియోగించి ఫ్రాన్సు పత్రములను తీసికొని యుగోస్లావియా పత్రములను పెట్టెను. పైనున్న యంకెనుబట్టి చూచిన రెండును సమానమే. బజారులోనో, ఫ్రాన్సు పత్రము బంగారము; రాజే రాజ్యాంగమును రద్దుచేసి పాలించుచున్న యుగోస్లావియా పత్రమునకు వెల యెక్కడిది? తాకట్టు సగము కరిగిపోయినను లెక్కలపుస్తకమున నొక యంకెయు మారలేదు. ప్రభుత్వము నిలుచునో కూలునో యను సందేహమునకు మన జమాఖర్చు పుస్తకములలో గడి లేదు. ఈ లోపము క్రూగరుతో పోయినది కాదు.

నిజమైన ఒడంబడికలు చాలనప్పుడు లేని ఒడంబడికలు పుట్టెను. స్పెయిను ప్రభుత్వముతో తనకు రహస్యపు ఒప్పందము గలదని లెక్కలలో వ్రాసికొనెను. స్పెయినున నియంత ప్రీమో డి రివేరా 1930 జనవరిలో పదవి విడిచెను. 1931 ఏప్రిలులో రాజు అల్ఫాన్సోయే దేశము విడిచి వెళ్లెను. ఇక ఆ కాగితము నిజమా యని యడుగవలసిన వారెవరు, చెప్పవలసిన వారెవరు? సంక్షోభము అతని అప్పులకు చేటు చేసెను గాని అతని అబద్ధములకు మరుగు నిచ్చెను. ఇటలీతో అతడు సంప్రదింపులు జరిపినది నిజము, అవి ఫలింపలేదు. ఫలింపని దానిని 1930లో స్టాకుహోము ముద్రాలయమున ఫలింపజేసెను. ఒక్కొక్కటి 5 లక్షల పౌనులకు ఇటలీ ప్రభుత్వపు ఋణపత్రములు 42 అచ్చొత్తించి, ఇటలీ అధికారుల సంతకములు తన చేతితో తానే చేసి బీరువాలో దాచెను. ఆ సంతకములలో పేరు ఒకచోట ఒకవిధముగా, వేరొకచోట వేరొకవిధముగా నుండెను. ఒక్కసారి దీపమువద్ద పట్టి చూచిన వానికి బయల్పడెడి దొంగతనమే. చూచినవారు లేరు. ఇటలీ ప్రభుత్వమునకు జాబు వ్రాసి, మీకు ఇంత అప్పున్నదా యని యడిగినవారు అంతకంటెను లేరు.

1931 మేలో వియన్నాలోని పెద్దబ్యాంకి కూలెను. జూలైలో జర్మనీ బ్యాంకులు మూతబడెను. సెప్టెంబరులో ఇంగ్లండు బంగారు ప్రమాణమును విడిచెను. అప్పు తీసికొన్న రాజ్యములు ఒక్కటొక్కటిగా తడబడుచుండ, క్రూగరు తన యధీనమునగల ఎరిక్‌సన్ టెలిఫోను కంపెనీ వాటాలను అమెరికాలోని ఐ.టి.టి. కంపెనీకి 1 కోటి 10 లక్షల డాలర్లకు విక్రయించెను. కొన్నవారు ప్రైస్ వాటర్‌హౌస్ ఆడిటర్లను పంపిరి. వీరికి క్రూగరుతో చెలిమి లేదు, అతని జీతము లేదు, అతడు చూపు మంత్రులతో పని లేదు. నగదు అని వ్రాసినారు, ఆ నగదు ఎచ్చటనున్నదని వారడిగిరి. నగదుగా వ్రాసిన పెద్దమొత్తము నిజమునకు క్రూగరు కంపెనీ ఈయవలసిన బాకీయని తేలెను. 1932 ఫిబ్రవరిలో బేరము రద్దయ్యెను. ఇన్ని దేశముల ఆడిటర్లు ఇన్ని యేండ్లు అడుగని ప్రశ్న ఇంతియే.

అదే ఫిబ్రవరిలో స్వీడను జాతీయబ్యాంకి అతనికి సహాయము చేయుటకు తన స్థితిగతుల లెక్క పూర్తిగా నిమ్మని షరతు పెట్టెను. ఇచ్చట నొక విశేషము గమనింపవలెను. దేశపు ధనమునుండి అతని కంపెనీల నాదుకొను యోచన సాగుచున్న ఆ దినములలోనే ప్రధానమంత్రి ఎక్మన్ తన పక్షమునకు క్రూగరునుండి 50,000 క్రోనర్లు పుచ్చుకొనెను. తరువాత పుచ్చుకొనలేదనెను. రసీదు బయటపడెను. 1932 ఆగస్టులో రాజీనామా యిచ్చెను. క్రూగరు పరదేశపు మంత్రులను తెరగా వాడుకొనెనని యందుము గాని స్వదేశపు మంత్రికి తాను ఎంత తెరయయ్యెనో యనుట కీ యుదాహరణము చాలును.

మార్చి 11వ తేదీన క్రూగరు అమెరికానుండి పారిసు చేరెను. మరునా డుదయము బ్యాంకర్లు ఒక హోటలులో అతనికొరకు కూర్చుండిరి. ఎంతసేపటికిని రాలేదు. ఇంటికి పోయి చూడగా తుపాకి గుండు గుండెను దూసిపోయి పడకపై నిర్జీవుడై యుండెను. వయస్సు 52. ఆత్మహత్యయని పోలీసులు నిర్ణయించిరి. హత్యయని సోదరుడు కడవరకు నమ్మెను. ఆనాడు శనివారము. న్యూయార్కు షేరుబజారు మూయువరకు వార్త వెలువడలేదు.

వెంటనే ప్రైస్ వాటర్‌హౌస్ వారే స్టాకుహోమునకు పిలువబడిరి. 1930 సంవత్సరపు ఆస్తి అప్పుల పట్టిక సత్యమునకు బహుదూరమని వారు మొదటి కొలది వారములలోనే ప్రకటించిరి. లోకము ఉలికిపడెను. ఇటలీ పత్రములను తామెరుగమని ఇటలీ ప్రభుత్వము చెప్పెను. అమెరికా కంపెనీ దివాలా తీసెను. చిన్న చిన్న మొత్తములను దాచుకొని అతని డిబెంచర్లు కొన్న వృద్ధులును విధవలును రెండు ఖండములలోను నష్టపడిరి. స్వీడనులో అతని ఆడిటరు చెరసాలకు వెళ్లెను. అమెరికా ఆడిటర్లకు అట్టి శిక్ష కలుగలేదు. వారి చేతిలో చిన్నయక్షరముల వాక్య ముండెను గదా!

1933 జనవరిలో అమెరికా సెనేటు సంఘము ఈ వ్యవహారమును విచారించెను. ఆ నెలలోనే న్యూయార్కు స్టాకు ఎక్స్చేంజివారు తమ పట్టికలో క్రొత్తగా జేరు కంపెనీలు స్వతంత్రులైన ఆడిటర్లచే లెక్కలు పరీక్ష చేయించి తీరవలెనని నియమము చేసిరి. మేలో సెక్యూరిటీల శాసనము, 1934లో దానిని నడుపుటకు కమిషను వచ్చెను. ఒక్క క్రూగరువలననే యివి వచ్చెననుట అతిశయోక్తి యగును. 1929 పతనము, ఇతర మోసములును కారణములే. కాని ఆడిటరు కంపెనీ పెద్దకు గాక వాటాదారునకు జవాబుదారియను భావము శాసనమున కెక్కుటకు, అతని పేరు ఆ విచారణలలో పలుమారు మారుమ్రోగుట దోహదము చేసెను.

స్వీడిషు మ్యాచి కంపెనీ మాత్రము చావలేదు. దాని ఫ్యాక్టరీలు నిజమైనవి, దాని పుల్లలు వెలిగినవి. జర్మనీతో చేసికొన్న ఒడంబడికయు నిజమైనదే. దానిపై సంతకము పెట్టిన ప్రభుత్వము పోయెను, హిట్లరు వచ్చెను, మరియొక మహాయుద్ధము జరిగెను, దేశము రెండు ముక్కలయ్యెను. క్రూగరు పెట్టిన ఆ అగ్గిపెట్టెల గుత్త పశ్చిమజర్మనీలో అప్పు తీరువరకు నడచి, అతడు పోయిన యేబది యేండ్లకు, 1983 జనవరిలో ముగిసెను.